మొక్కల అక్వేరియంలో వెలుతురు: దీపాల ఎంపిక, మోతాదు, విద్యుత్తు పొదుపు

గాజు తొట్టిలో రంగు చేపలతో పాటు సజీవమైన నీటి మొక్కలను పెంచడం పట్టణాలలో నానాటికీ విస్తరిస్తున్నది. రంగు చేపల పెంపకాన్ని ఉపాధిగా చేపట్టినవారు నీటి మొక్కలను కూడా పెంచి విక్రయించి అదనపు ఆదాయం పొందవచ్చు. మొక్కలు చేపల విసర్జితాల నుండి వెలువడే అమ్మోనియాను గ్రహిస్తాయి, పగటివేళ నీటికి ప్రాణవాయువును అందిస్తాయి, చేప పిల్లలకు చాటునిస్తాయి. అయితే ఇష్టంగా తెచ్చి నాటిన మొక్కలు మూడు నాలుగు వారాలలోనే కుళ్ళిపోవడమో, తొట్టి అంతటా నాచు పేరుకుపోవడమో తరచుగా జరుగుతుంది. మొదటిది వెలుతురు చాలకపోవడం వలన, రెండవది వెలుతురు మితిమీరడం వలన కలిగే నష్టాలలో ముఖ్యమైనవి. ఎరువుకు మోతాదు ఉన్నట్లే వెలుతురుకు కూడా మోతాదు ఉంటుంది. దానిని లెక్కించి దీపాన్ని ఎంచుకుంటే మొక్కలు దక్కుతాయి, విద్యుత్తు ఖర్చు కూడా గణనీయంగా తగ్గుతుంది.

మొక్కకు వెలుతురు అవసరం

మొక్కలు వెలుతురు సహాయంతో నీటిని, బొగ్గుపులుసు వాయువును పిండి పదార్థాలుగా మార్చుకుంటాయి. ఇదే కిరణజన్య సంయోగక్రియ. మరొకవైపు శ్వాసక్రియ రాత్రింబవళ్ళు జరుగుతూ, తయారైన పిండి పదార్థాలలో కొంత భాగాన్ని ఖర్చు చేస్తూ ఉంటుంది. ఏ కాంతి తీవ్రత వద్ద ఈ జమ, ఖర్చు సమానమవుతాయో దానిని పరిహార బిందువు అంటారు. వెలుతురు ఇంతకంటే తక్కువగా ఉన్న తొట్టిలో మొక్క తన నిల్వలను తానే తిని కొద్ది వారాలలో క్షీణిస్తుంది. అందువలన కొత్తగా నాటిన మొక్క మొదటి వారంలో పచ్చగా కనిపించినంత మాత్రాన వెలుతురు సరిపోయిందని భావించరాదు.

వెలుతురు పెరిగేకొద్దీ సంయోగక్రియ కొంతవరకే పెరుగుతుంది. ఆ తరువాత బొగ్గుపులుసు వాయువో, నత్రజని, పొటాష్, ఇనుము వంటి పోషకాలలో ఒకటో కొరత పడి పెరుగుదల ఆగిపోతుంది. ఏ పోషకం అన్నింటికంటే తక్కువగా లభిస్తుందో అదే దిగుబడిని నిర్ణయిస్తుందన్న పంటల సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. మొక్కలు వాడుకోలేని వెలుతురును నాచు వాడుకుంటుంది. కాబట్టి బొగ్గుపులుసు వాయువును అందించే ఏర్పాటు లేని తొట్టిలో బలమైన దీపం అమర్చడం, నీటి వసతి లేని చేనులో అధికంగా యూరియా చల్లడం వంటిదే.

వాట్లు, ల్యూమెన్లు, లక్స్: ఏది సరైన కొలత?

లీటరు నీటికి ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబులైట్ల కాలం నాటిది. వాట్లు దీపం వినియోగించే విద్యుత్తును తెలుపుతాయే తప్ప అది ఇచ్చే వెలుతురును తెలుపవు. ఒక వాటు విద్యుత్తుతో తంతు బల్బు 12 నుండి 15 ల్యూమెన్ల వెలుతురు మాత్రమే ఇవ్వగా, మంచి ఎల్.ఇ.డి. దీపం 100 ల్యూమెన్లు, అంతకు మించి కూడా ఇస్తుంది. అందువలన పాత లెక్కను ఎల్.ఇ.డి. దీపాలకు అన్వయిస్తే వెలుతురు అవసరానికి మించిపోతుంది.

ల్యూమెన్ దీపం నుండి వెలువడే మొత్తం వెలుతురుకు కొలత. ఒక చదరపు మీటరు విస్తీర్ణంపై ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయో తెలిపేది లక్స్. ఈ రెండూ మనిషి కంటి స్పందన ఆధారంగా రూపొందినవి. కన్ను 555 నానోమీటర్ల వద్ద ఉన్న ఆకుపచ్చ కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. మొక్కలు మాత్రం 400 నుండి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతినంతటినీ ఉపయోగించుకుంటాయి. ఆ పరిధిలో చదరపు మీటరుపై సెకనుకు పడే ఫోటాన్ల సంఖ్యను మైక్రోమోల్‌లలో కొలుస్తారు. మొక్కల విషయంలో ఇదే సరైన కొలత. దానిని కొలిచే పరికరం ఖరీదైనది కనుక సాధారణ పెంపకందారులు లక్స్ మీటరుతో సరిపెట్టుకోవచ్చు. తెల్లని ఎల్.ఇ.డి. వెలుతురులో సుమారు 70 లక్స్ ఒక మైక్రోమోల్‌కు సమానం. అంటే 2,800 లక్స్ నమోదైన చోట మొక్కకు సుమారు 40 మైక్రోమోల్‌ల వెలుతురు అందుతున్నట్లు లెక్క. సూర్యకాంతికి ఈ అంకె సుమారు 54. ఊదా, గులాబి రంగు దీపాలకు ఈ మార్పిడి వర్తించదు.

వెలుతురు రంగు

మొక్కలు ఎరుపు, నీలం కాంతిని మాత్రమే వినియోగించుకుంటాయని, ఆకుపచ్చ కాంతి వృథా అని ప్రచారంలో ఉన్నది. పత్రహరితాన్ని ద్రావణంగా తీసి పరీక్షించినప్పుడు ఎరుపు, నీలం కాంతులను అది అధికంగా గ్రహించడమే ఈ అభిప్రాయానికి మూలం. కాని సజీవమైన ఆకు ప్రవర్తన వేరు. కీత్ మెక్‌క్రీ 22 జాతుల పంట మొక్కల ఆకులపై జరిపి 1972లో ప్రచురించిన పరిశోధన, ఎరుపు కాంతి సామర్థ్యం ఎక్కువే అయినప్పటికీ ఆకుపచ్చ కాంతి కూడా సంయోగక్రియకు చెప్పుకోదగినంతగా తోడ్పడుతుందని నిరూపించింది. కనుక 5,000 నుండి 6,500 కెల్విన్ వర్ణ ఉష్ణోగ్రత గల సాధారణ తెల్లని దీపం నీటి మొక్కలకు చక్కగా సరిపోతుంది. చేపల, ఆకుల రంగులు సహజంగా కనిపించడానికి రంగుల విశ్వసనీయత సూచిక 80, అంతకు మించి ఉన్న దీపాన్ని ఎంచుకోవాలి. ఊదా రంగు దీపాల కింద మొక్కలు పెరిగినప్పటికీ, ఆకులు పసుపుబారడం, చేపల ఒంటిపై తెల్ల మచ్చలు ఏర్పడడం వంటి తొలి లక్షణాలు కంటికి ఆనవు. రోగం ముదిరిన తరువాత గుర్తించడం వలన నష్టం ఎక్కువవుతుంది.

మొక్కలను బట్టి మోతాదు

తొట్టి అడుగున, అంటే మొక్క మొదలు వద్ద అందే వెలుతురు ఆధారంగా అక్వేరియం మొక్కలను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించవచ్చు.

తక్కువ వెలుతురు (15 నుండి 30 మైక్రోమోల్‌లు, సుమారు 1,000 నుండి 2,100 లక్స్): అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్, క్రిప్టోకొరైన్. ఇవి నిదానంగా పెరుగుతాయి. బొగ్గుపులుసు వాయువును ప్రత్యేకంగా అందించనవసరం లేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి అనువైనవి.

మధ్యస్థ వెలుతురు (30 నుండి 50 మైక్రోమోల్‌లు, సుమారు 2,100 నుండి 3,500 లక్స్): వాలిస్‌నేరియా, అమెజాన్ స్వోర్డ్, హైగ్రోఫిలా, రొటాలా రొటుండిఫోలియా, సాంబ్రాణి ఆకుగా పిలిచే బకోపా మొన్నీరి. వీటిలో పలు జాతులు మన దేశపు చెరువు గట్లలో, కాలువ ఒడ్డులలో సహజంగా పెరిగేవే.

అధిక వెలుతురు (50 మైక్రోమోల్‌లకు పైన): నేలపై పచ్చిక వలె పరుచుకునే గ్లాసోస్టిగ్మా, హెమియాంథస్, ఎర్రని ఆకులు గల ఆల్టర్నాంథెరా రైనెకీ. వీటిని పెంచదలచినవారు బొగ్గుపులుసు వాయువు సిలిండరు, క్రమం తప్పని పోషకాలు, తరచుగా నీటి మార్పిడి అనే మూడింటినీ సమకూర్చుకోవాలి. అవి లేనప్పుడు ఈ మొక్కల జోలికి పోకపోవడమే మేలు.

అంతరతామర, అజొల్లా వంటి తేలియాడే మొక్కలు నీటిపై దట్టంగా కమ్ముకుంటే అడుగున ఉన్న మొక్కలకు వెలుతురు అందదు. వీటిని ఎప్పటికప్పుడు తీసివేసి, నీటి ఉపరితలంలో సగానికి మించి కప్పకుండా చూడాలి.

దీపం నుండి మొక్క వరకు కలిగే నష్టాలు

స్వచ్ఛమైన నీరు స్వయంగా పీల్చుకునే వెలుతురు స్వల్పమే. 30 సెంటీమీటర్ల లోతులో ఎరుపు కాంతి సుమారు పదవ వంతు తగ్గుతుంది, నీలి కాంతి దాదాపుగా తగ్గదు. అసలు నష్టం వేరే చోట్ల ఉంటుంది. దీపం ఎత్తు పెరిగేకొద్దీ వెలుతురు పక్కలకు చెదిరి తొట్టి వెలుపల పడుతుంది. శుభ్రమైన మూత గాజు సైతం సుమారు 8 శాతం వెలుతురును వెనుకకు మళ్ళిస్తుంది. దానిపై ఉప్పు పొర, దుమ్ము, నాచు చేరితే నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బాదం ఆకులు, కొయ్య మొద్దుల వలన గోధుమ రంగుకు మారిన నీరు నీలి కాంతిని పీల్చుకుంటుంది. కొత్త దీపం కొనడానికి ముందు మూత గాజును శుభ్రపరచి చూస్తే అనేక సందర్భాలలో సమస్య తీరిపోతుంది.

కిటికీ పక్కన తొట్టిని ఉంచి సూర్యకాంతిని వాడుకోవాలనుకోవడం సహజమే. కాని ఆరుబయట ఎండ తీవ్రత మిట్టమధ్యాహ్నం 2,000 మైక్రోమోల్‌ల వరకు ఉంటుంది. నేరుగా పడే ఎండలో కొంత భాగమైనా తొట్టి అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నీరు పచ్చబడడం, వేడెక్కడం దీని ఫలితాలు. ఎండను అదుపులో పెట్టడం సాధ్యం కాదు కనుక తొట్టిని నేరుగా ఎండ పడని చోట ఉంచి, దీపంపై ఆధారపడడమే ఉత్తమం.

దీపాల రకాలు

తంతు బల్బులు: వినియోగించే విద్యుత్తులో అత్యధిక భాగం వేడిగా మారుతుంది. వీటిని అక్వేరియానికి వాడరాదు.

సి.ఎఫ్.ఎల్.: వాటుకు 50 నుండి 65 ల్యూమెన్లు ఇస్తాయి. మెలికలు తిరిగిన గొట్టం తన వెలుతురును కొంత తానే అడ్డగించుకుంటుంది.

ట్యూబులైట్లు: వాటుకు 60 నుండి 95 ల్యూమెన్ల వరకు ఇస్తాయి. వెలుతురు అన్ని వైపులకు ప్రసరించడం వలన సగభాగం పైకి పోతుంది. ప్రతిఫలక రేకు అమర్చితే కొంతవరకు రాబట్టుకోవచ్చు. పాత రకం చోక్ అదనంగా విద్యుత్తును వినియోగిస్తుంది. సి.ఎఫ్.ఎల్., ట్యూబులైట్లు రెండింటిలోను పాదరసం ఉంటుంది. పగిలిన ముక్కలు తొట్టిలో పడకుండా, చెత్తతో కలవకుండా జాగ్రత్త వహించాలి.

ఎల్.ఇ.డి. దీపాలు: నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.పై పసుపు కాంతినిచ్చే పూత వేసి తెల్లని వెలుతురును రాబడతారు. ఈ నీలి ఎల్.ఇ.డి.ని రూపొందించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వాటుకు 100 ల్యూమెన్లు, అంతకు మించి ఇవ్వడం, వెలుతురు ఒకే వైపునకు ప్రసరించడం, తక్కువ వేడి, 25,000 గంటలు, అంతకు మించిన మన్నిక వీటి సుగుణాలు.

అక్వేరియం దీపమని విక్రయించే ప్రతి దీపమూ మేలైనది కాదు. పెట్టెపై వాట్లు, ల్యూమెన్లు రెండూ ముద్రించి ఉన్న దీపాన్నే కొనాలి. ల్యూమెన్లను వాట్లతో భాగించగా వచ్చిన అంకె 100కు తగ్గకూడదు. వేడిని వెలుపలికి పంపే అల్యూమినియం వీపు ఉండాలి. ఇళ్ళలో వాడే 60 సెంటీమీటర్ల ఎల్.ఇ.డి. పట్టీ దీపం సాధారణంగా 10 వాట్లతో సుమారు 1,000 ల్యూమెన్లు ఇస్తుంది. తేమ తగలకుండా రక్షణ కల్పిస్తే ఇది తక్కువ ఖర్చుతో మధ్యస్థ మొక్కల వరకు సరిపోతుంది.

లెక్క వేసే విధానం: ఒక ఉదాహరణ

పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 36 సెంటీమీటర్లు గల తొట్టిలో సుమారు 65 లీటర్ల నీరు పడుతుంది. ఇందులో మధ్యస్థ వెలుతురు కోరే మొక్కలను 40 మైక్రోమోల్‌ల మోతాదులో పెంచాలనుకుందాం.

అడుగు విస్తీర్ణం: 0.60 × 0.30 = 0.18 చదరపు మీటర్లు.
అడుగున సెకనుకు అవసరమైన వెలుతురు: 0.18 × 40 = 7.2 మైక్రోమోల్‌లు.
దీపం వెలుతురులో సగం మాత్రమే అడుగుకు చేరుతుందనుకుంటే దీపం ఇవ్వవలసినది: 14.4 మైక్రోమోల్‌లు.
ల్యూమెన్లలో: 14.4 × 70 = సుమారు 1,000 ల్యూమెన్లు.
దుమ్ముకు, దీపం పాతబడడానికి అయిదవ వంతు కలిపితే: 1,200 ల్యూమెన్లు.
వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే ఎల్.ఇ.డి. అయితే: 12 వాట్లు.

ఇదే వెలుతురును ప్రతిఫలక రేకు లేని 18 వాట్ల ట్యూబులతో పొందాలంటే సుమారు 1,200 ల్యూమెన్లు ఇచ్చే ట్యూబులు రెండు కావాలి. పాత రకం చోక్‌లతో కలిపి ఇవి దాదాపు 52 వాట్లు వినియోగిస్తాయి. రోజుకు 8 గంటలు వెలిగించినప్పుడు ఎల్.ఇ.డి. దీపానికి 0.096 యూనిట్లు, ట్యూబులకు 0.416 యూనిట్లు ఖర్చవుతాయి. తేడా రోజుకు 0.32 యూనిట్లు, సంవత్సరానికి సుమారు 117 యూనిట్లు. ఒక్క తొట్టి ఉన్న ఇంటిలో ఇది చిన్న మొత్తంగానే తోచవచ్చు. కాని 40 తొట్లు నడిపే పెంపకందారునికి ఏడాదికి 4,600 యూనిట్లకు పైగా ఆదా అవుతుంది. యూనిట్ ధర 7 రూపాయలు అనుకుంటే ఇది 32,000 రూపాయలకు మించిన మొత్తం. ఎలక్ట్రానిక్ చోక్, ప్రతిఫలక రేకు ఉన్న ట్యూబులైతే తేడా ఇంతకంటే తక్కువగా ఉంటుంది. తొట్టి కొలతలు, మొక్కల రకం మారినప్పుడు ఇదే వరుసలో అంకెలను మార్చుకుని లెక్కించుకోవాలి.

వెలుతురును కొలవడం

నీరు నింపడానికి ముందే ఖాళీ తొట్టిలో దీపాన్ని అమర్చి, లక్స్ మీటరును అడుగున పైకి చూసేలా ఉంచి మధ్యలోను, నాలుగు మూలలలోను కొలవాలి. మూలలలో నమోదైన అంకె మధ్యలోని దానిలో సగానికి తక్కువగా ఉంటే దీపం పొడవు చాలలేదని గ్రహించాలి. దీపం పొడవు తొట్టి పొడవుకు దాదాపు సమానంగా ఉండడం మంచిది. లక్స్ మీటరు లేనివారు చరవాణిలోని కొలత సాధనాన్ని ఉపయోగించవచ్చు. అయితే ఒక్కొక్క చరవాణి ఒక్కొక్క విధంగా చూపుతుంది కనుక, ఆ అంకెలను ఒక చోటును మరొక చోటుతో పోల్చడానికి మాత్రమే వాడాలి.

ఎన్ని గంటలు వెలిగించాలి?

కొత్త తొట్టిలో మొదటి మూడు నాలుగు వారాలు రోజుకు 6 గంటలు చాలు. మొక్కలు వేరూని కొత్త ఆకులు వేసిన తరువాత క్రమంగా 8 గంటలకు పెంచాలి. 10 గంటలకు మించి వెలిగించడం వలన సాధారణంగా ప్రయోజనం ఉండదు. 40 మైక్రోమోల్‌ల వెలుతురు 8 గంటలు అందితే రోజు మొత్తానికి చదరపు మీటరుకు సుమారు 1.15 మోల్‌లు అవుతుంది. వెలుతురు చాలని దీపాన్ని ఎక్కువ గంటలు వెలిగించి లోటు పూడ్చవచ్చుననుకోవడం పొరపాటు. తీవ్రత పరిహార బిందువుకు దిగువన ఉంటే ఎన్ని గంటలు వెలిగించినా మొక్కకు నష్టమే.

దీపం ప్రతి రోజూ ఒకే వేళకు వెలిగి, ఒకే వేళకు ఆరేలా టైమర్ అమర్చాలి. బొగ్గుపులుసు వాయువు అందించే తొట్లలో దీపం వెలగడానికి సుమారు ఒక గంట ముందు వాయువును వదిలి, దీపం ఆరడానికి ఒక గంట ముందు నిలిపివేయాలి. రాత్రివేళ మొక్కలు కూడా ప్రాణవాయువును వినియోగించుకుంటాయి. దట్టంగా మొక్కలు, చేపలు ఉన్న తొట్టిలో రాత్రి గాలి పంపును నడపడం అవసరం.

లక్షణాలను గుర్తించడం

కణుపుల మధ్య దూరం పెరిగి కాండం సాగడం, కింది ఆకులు రాలడం, ఎర్రని రకాలు పచ్చబడడం వెలుతురు చాలకపోవడానికి సూచనలు. కొత్త ఆకులు పసుపుబారితే ఇనుము లోపాన్ని, పాత ఆకులు పసుపుబారితే నత్రజని లోపాన్ని ముందుగా అనుమానించాలి. ఇటువంటి సందర్భాలలో వెలుతురు పెంచితే లోపం మరింత తీవ్రమవుతుంది. నర్సరీలలో అనేక అక్వేరియం మొక్కలను నీటి వెలుపల పెంచుతారు. అటువంటి మొక్కలు నీట మునిగిన తరువాత పాత ఆకులను రాల్చి కొత్త ఆకులను వేసుకుంటాయి. దీనిని చూసి కంగారుపడి దీపాన్ని మార్చరాదు.

గాజుపై, ఆకులపై నాచు వేగంగా పెరుగుతుంటే ముందుగా వెలిగించే కాలాన్ని 6 గంటలకు తగ్గించాలి. డిమ్మర్ ఉంటే తీవ్రతను మూడవ వంతు తగ్గించాలి. అది లేనప్పుడు దీపాన్ని 10 నుండి 15 సెంటీమీటర్లు పైకి ఎత్తాలి. వారానికొకసారి మూడవ వంతు నీటిని మార్చాలి, మేతను తగ్గించాలి, త్వరగా పెరిగే మొక్కలను అదనంగా నాటాలి. మార్పు చేసిన ప్రతిసారీ రెండు వారాలు ఆగి ఫలితాన్ని గమనించాలి. ఒకేసారి అన్నింటినీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

వేసవిలో జాగ్రత్తలు

నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద ఇది 7.6కు, 35 డిగ్రీల వద్ద సుమారు 7కు తగ్గుతుంది. అదే సమయంలో చేపల, మొక్కల శ్వాసక్రియ పెరుగుతుంది. కోస్తా, తెలంగాణ వేసవులలో మూసి ఉన్న పందిరి లోపల వేడెక్కే దీపం నీటిపై మరింత భారం మోపుతుంది. దీపం వెనుక గాలి ఆడేలా ఖాళీ ఉంచాలి. వెలిగించే వేళను మధ్యాహ్నం నుండి సాయంత్రానికి మార్చుకోవడం కూడా మేలు చేస్తుంది.

విద్యుత్ భద్రత

నీరు, విద్యుత్తు చేరువగా ఉన్న చోట చిన్న అజాగ్రత్త కూడా ప్రాణాంతకం కావచ్చు. 12 లేదా 24 వోల్టులతో పనిచేసే దీపాలు సురక్షితం. నీటి తుంపరలు పడే చోట ఐ.పి.65, పొరపాటున నీట మునిగే అవకాశం ఉన్న చోట ఐ.పి.67 రక్షణ గల దీపాలను వాడాలి. తీగను ప్లగ్గు కన్నా కిందికి వంపు తిరిగేలా వదిలితే తీగ వెంట జారిన నీరు ప్లగ్గును చేరకుండా వంపు వద్దనే కారిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల భూలీకేజీకి ఆగిపోయే రక్షణ స్విచ్చును అమర్చుకోవాలి. తొట్టిలో చేయి పెట్టే ముందు దీపం, హీటరు, పంపుల ప్లగ్గులను తప్పక తీసివేయాలి.

పై విధంగా ముందుగా మొక్కలను, తరువాత వాటికి తగిన మోతాదును, చివరగా ఆ మోతాదును తక్కువ విద్యుత్తుతో ఇచ్చే దీపాన్ని ఎంచుకోవాలి. ఈ వరుస తారుమారై ముందే దీపం కొని, దానికి తగిన మొక్కల కోసం వెతికినప్పుడే ఖర్చు, నాచు రెండూ పెరుగుతాయి. మితమైన వెలుతురు, సమతుల్యమైన పోషకాలు, క్రమం తప్పని వేళలు పాటించిన తొట్టిలో మొక్కలు ఆరోగ్యంగా పెరిగి, చేపలకు ఆహ్లాదకరమైన నివాసాన్ని, పెంపకందారునికి నిలకడైన ఆదాయాన్ని అందిస్తాయి.